పళ్ళెం ఎడమకు వాలింది

మేనల్లుడు డాలస్ నుంచి చాక్లెట్లు తెస్తాడనుకుంటే మూడు ప్లాస్టిక్ పళ్ళాలు తెచ్చాడు.

"పళ్ళాలు కావు మావయ్యా, డిస్కులు. ఒకటి దూరం విసరడానికి, ఒకటి మధ్యరకం, ఒకటి బుట్ట దగ్గరికి చేరాక" అన్నాడు.

మా ఆవిడ ఒకటి అందుకుని, తిరగేసి, అంచు మీద వేలితో తట్టింది. "లోతు చాలదు" అని తీర్పు చెప్పింది.

ఆట పేరు డిస్క్ గోల్ఫ్. బంతికి బదులు పళ్ళెం, గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. ఎంత తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. దీనికి ఆద్యుడు ఎడ్ హెడ్రిక్ అనే అమెరికా ఆయన. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి మైదానం వేయించాడు. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోయించారట. ఈ మాట వినగానే మా ఆవిడ చేతిలోది బల్ల మీద పెట్టేసి పెరట్లోకి వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చింది. "ఇవి అవి కావత్తయ్యా!" అని వాడు ఎంత మొత్తుకున్నా ఆ పూట వాటిని మళ్ళీ ముట్టుకోలేదు.

మర్నాడు శనివారం. పొద్దున్నే కపిలతీర్థం వైపు, కొండ కిందున్న ఒక పార్కుకు వెళ్ళాం. తిరుపతిలో ఆ బుట్ట ఎక్కడ దొరుకుతుంది? మాసిన బట్టలు వేసుకునే బుట్టకు సైకిల్ షాపులో అడిగి తెచ్చిన పాత గొలుసులు తగిలించి వేపకొమ్మకు కట్టాం. కాపలాదారు వచ్చి కాసేపు చూసి, "ఇది ఏ మొక్కు సార్?" అని గౌరవంగా అడిగాడు. చెట్టుకు ఏది కట్టినా మా ఊళ్ళో మొక్కే.

మేనల్లుడు విసిరాడు. గొలుసులు ఘల్లుమన్నాయి. కాపలాదారు అలవాటు కొద్దీ చెంపలు వేసుకున్నాడు.

నా వంతు వచ్చింది. "కుడిచేత్తో ఇలా విసిరితే వేగం తగ్గాక డిస్కు ఎడమకు వాలుతుంది మావయ్యా. కాస్త కుడికి గురిపెట్టు" అన్నాడు. పెట్టాను. శేషాచలం కొండల మీదికి ఎగబాకుతున్నట్టు లేచింది. నా విసురు మీద నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చట తీరకముందే అది ఎడమకు వాలి, కాగితపు పూల పొదలు దాటి, గోడ దాటి, రోడ్డు మీదికి పోయింది.

ఈ వయసులో గోడ దూకలేను కాబట్టి గేటు దాకా నడిచి చుట్టూ తిరిగి వెళ్ళాను. చెట్టు కింద కొత్త గుండ్లకు గంధం పూసుకున్న యాత్రికుల కుటుంబం ఉంది. వాళ్ళలోని అవ్వ అప్పటికే నా డిస్కును కడిగి, మనవడికి అందులో పులిహోర పెట్టేసింది. పిల్లవాడి నోటి దగ్గరిది లాక్కోలేం కదా! వాడు మిరపకాయలూ కరివేపాకూ ఏరి పక్కన పెడుతూ తినడం ముగించేదాకా నిలబడ్డాను. అవ్వ మళ్ళీ కడిగి ఇచ్చి, "మంచి పళ్ళెం నాయనా" అంది.

ఎండ, ఆయాసం. డిస్కు ఒళ్ళో పెట్టుకుని ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాను. శనివారం కదా, నుదుట నామం, భుజాన తువ్వాలు, మూడు రోజుల గడ్డం. టంగుమని పది రూపాయల బిళ్ళ పడింది.

తలెత్తి, "అయ్యా, ఇది డిస్కండీ" అన్నాను. ఆయనకు ఏం వినిపించిందో, పాపం, జేబు తడుముకుని ఇంకో ఇరవై నోటు వేసి, "గోవిందా" అంటూ వెళ్ళిపోయాడు.

ఇంతలో మేనల్లుడు పరుగెత్తుకొచ్చి, "ఎంతయింది మావయ్యా?" అన్నాడు విసుర్లను ఉద్దేశించి.

"ముప్పై" అన్నాను.

ఇంటికి వచ్చాక వాడు కడుపు పట్టుకుని నవ్వుతూ అంతా అత్తయ్యకు చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. ఆ బిళ్ళను డిస్కులో వేసి, అటూ ఇటూ వంచి చూసింది. అది దొర్లుకుంటూ పోయి బల్ల కింద పడింది.

"నేను అప్పుడే చెప్పానుగా, లోతు చాలదని!" అంది.