అద్దం గోడ పెడితే అడవి ఇంట్లోకి రాదు

కొన్నాళ్లుగా ఒక సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. నాకే ఆరుసార్లు వచ్చింది. పైన చెట్ల మధ్య బుల్లి ఇంటి బొమ్మ, కింద ఈ మాటలు: "మట్టితో కట్టండి, ఏసీ అక్కర్లేదు. ఒక గోడంతా అద్దం పెట్టండి, ప్రకృతిలో కలిసిపోతారు. ఇల్లు ఎంత చిన్నదైతే భూమికి అంత మేలు. గదికి రెండు మొక్కలు పెడితే గాలి శుభ్రం. ఈ వారమే ప్లాన్ గీయించండి."

నేను ఇళ్ల ప్లాన్లు గీసి బతికేవాణ్ణి. ఆ బొమ్మ పట్టుకొచ్చిన ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పే ఓపిక అయిపోయి, రాస్తున్నాను.

మట్టి సంగతి ముందు. మట్టి గోడ మంచిదే, కాని అది చల్లదనాన్ని పుట్టించదు. వేడిని ఆలస్యం చేస్తుంది, అంతే. పగలు తాగిన ఎండని రాత్రి కక్కుతుంది. పగలు మండిపోయి రాత్రి బాగా చల్లబడే చోట ఇది వరమే: వేడి లోపలికి చేరే వేళకి బయట చల్లగాలి ఉంటుంది, కిటికీలు తెరిస్తే సరి. రాత్రి కూడా ఉక్కపోసే తేమ ప్రాంతంలో అదే గోడ నిద్ర చెడగొడుతుంది. ఒకప్పుడు నేనున్న గదికి పడమర మందపాటి గోడ ఉండేది. రాత్రి పదింటికి చెయ్యి ఆనిస్తే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా తగిలేది. మంచాన్ని గది మధ్యకి లాక్కుని పడుకునేవాణ్ణి. అలాంటి చోట పల్చటి గోడలు, ఎదురెదురు కిటికీలు, బాగా ముందుకొచ్చిన చూరు కావాలి.

పైగా "మట్టి" అని కడుతున్న గోడల్లో చాలావాటిలో వానకి కరగకుండా సిమెంటు కలుపుతారు. 40 సెంటీమీటర్ల మందాన దిమ్మిస కొట్టిన గోడ చదరపు మీటరుకి దాదాపు 800 కిలోలు తూగుతుంది. అందులో 8 శాతం సిమెంటంటే 64 కిలోలు, అంటే 50 కిలోల బస్తాకి పైనే! ప్రపంచంలో మనుషుల పనులవల్ల ఏటా గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 8 శాతం సిమెంటు తయారీదే. సిమెంటుకోసం సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే ఆ వాయువు వస్తుంది కాబట్టి, బట్టీలో ఏ ఇంధనం వాడినా ఆ భాగం తప్పదు. గోడకి ఎత్తైన రాతి పీఠం, పైన పెద్ద చూరు ఇస్తే చాలాచోట్ల ఆ సిమెంటు కలపకుండానే గడిచిపోతుంది. బొమ్మలోని ఇంటికి చూరే లేదు.

ఇక అద్దం గోడ. నాకు అసలు కోపం దీనిమీదే.

ఈ కల పాతది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో నది ఒడ్డున మీస్ వాన్ డెర్ రో అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఫార్న్స్‌వర్త్ హౌస్ అనే ఇల్లు 1951లో పూర్తయింది. నాలుగు వైపులా అద్దమే. ఫొటోల్లో స్వర్గం. కట్టించుకున్న డాక్టరమ్మ ఎడిత్ ఫార్న్స్‌వర్త్‌కి మాత్రం ఎండాకాలం ఉడుకు, చలికాలం అద్దాలమీద చెమ్మ, రాత్రి దీపం వేస్తే పురుగుల ముట్టడి. వరద నీళ్లూ ఒకటికి రెండుసార్లు లోపలికొచ్చాయి. ప్రకృతితో కలవడమంటే అలా కూడా ఉంటుంది మరి.

అద్దం వద్దనడం లేదు, ఎటు పెడుతున్నామో చూడమంటున్నాను. ఉత్తరార్ధగోళంలో 40 డిగ్రీల అక్షాంశం దగ్గర దక్షిణపు కిటికీమీద 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ ఉందనుకోండి. నడి వేసవి మధ్యాహ్నం సూర్యుడు 73.5 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, నీడ రెండు మీటర్లు దిగి కిటికీని మొత్తం కప్పేస్తుంది. నడి శీతాకాలంలో 26.5 డిగ్రీలే, నీడ 30 సెంటీమీటర్లు దాటదు, ఎండ హాయిగా లోపలికొస్తుంది. ఒక్క పలక, రెండు కాలాల పని. అదే సన్‌షేడ్‌ని పడమటి అద్దంమీద పెట్టండి: సాయంత్రం 20 డిగ్రీల ఎత్తునుంచి ఎదురుగా కొట్టే ఎండకి దాని నీడ 22 సెంటీమీటర్లు. మిగతా అద్దమంతా పొయ్యి ముందు కూర్చున్నట్టే. అటు కావలసింది చెట్టు, లేదా బయటివైపు తడికె. లోపల పరదా కట్టినా లాభం తక్కువ, వేడి అప్పటికే అద్దం దాటేసింది.

ఇంకో సంగతి. అద్దంలో ఆకాశం కనిపించి, అటే ఎగిరి గుద్దుకుని అమెరికాలోనే ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పక్షులు చస్తున్నాయని 2014 నాటి అంచనా. వాటిలో ఆకాశహర్మ్యాల వాటా ఒక శాతం లోపే. తక్కినవన్నీ మామూలు ఇళ్లు, తక్కువ అంతస్తుల కట్టడాల దగ్గరే.

"ఎంత చిన్నదైతే అంత మేలు" సగం నిజం. లెక్క చూడండి. 4×4 మీటర్ల గది, 3 మీటర్ల ఎత్తు: ఎండకీ చలికీ ఎదురయ్యే గోడలు, కప్పు కలిపి 64 చదరపు మీటర్లు. 10×10 ఇల్లు, అదే ఎత్తు: 220. చిన్నదే గెలిచింది. కాని మొదటిదాంట్లో ఒక్కరు, రెండోదాంట్లో అయిదుగురు ఉంటే? తలకి 64 ఒకచోట, 44 ఇంకోచోట. వంటగట్టు, స్నానాలగది, నీళ్ల ట్యాంకు కూడా ఒక్కరికోసమే. ఊరికి దూరంగా పొలంమధ్య కట్టుకుని ప్రతిపనికీ కారు తీసేవాళ్ల లెక్క నేనిక్కడ వెయ్యను. వేస్తే పాపం వాళ్లకే బాధ.

కుండీల మాట తేలిగ్గా తేలిపోతుంది. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయా అని 1989లో నాసా చేసిన ప్రయోగం మూసిన పెట్టెలో జరిగింది. 2019లో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కవేస్తే, మామూలు భవనంలో గాలి మారడంవల్ల జరిగే పనికి సమానం కావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అన్ని మొక్కలు పెడితే మనం ఎక్కడ నిలబడాలి? చూడ్డానికి పెంచుకోండి. గాలికి కిటికీ తెరవండి.

"ఈ వారమే గీయించండి" అన్నదానికి నా జవాబు నా పనికే నష్టం. స్థలంలో మనిషెత్తు కర్ర ఒకటి పాతి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడ కొస దగ్గర రాయి పెట్టండి. ఎండాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి. వాన గట్టిగా పడ్డరోజు గొడుగేసుకుని వెళ్లి నీళ్లు ఏ మూలకి పారుతున్నాయో చూసి, అక్కడో మేకు దిగ్గొట్టండి. ఆ రాళ్లు, ఆ మేకు కొలిచి తెస్తే అప్పుడు గీస్తాను.