పేటెంటు దరఖాస్తు రసీదు గారికి

మారతహళ్లి, బెంగళూరు

అయ్యా,

మా బాసుగారి గదిలో వెంకన్న పటం పక్కనే టేకు ఫ్రేములో తమరు కొలువై ఉన్నారు. చెన్నై గిండీలోని పేటెంటు ఆఫీసు తమరి మీద వేసిందల్లా ఒక నంబరు, తేదీ, కట్టిన ఫీజు. అయినా వచ్చిన ఇన్వెస్టర్లందరికీ ముందు తమరి దర్శనమే. "మోడల్ మనదేనండీ, పేటెంట్ ఉంది" అంటారు బాసు. ఫీజు కట్టాం, అంతవరకు నిజం.

మోడల్ ఏమిటంటే, రాత్రి పదయ్యాక కర్రీ పాయింట్లో మిగిలిన గుత్తి వంకాయకి పీజీ కుర్రాళ్లు యాప్‌లో తమకు తోచిన రేటు చెప్పాలి. కిందింటి కర్రీ పాయింట్ ఆవిడ ఈ పని ఎప్పట్నుంచో ఫోను లేకుండానే చేస్తోంది. "పట్టుకెళ్లు నాయనా, ఇరవై ఇవ్వు" అని కవరు ముడేసి చేతిలో పెడుతుంది. దరఖాస్తు పెట్టాలన్న ఆలోచన ఆవిడకి రాలేదు. పైగా మన పేటెంట్ల చట్టం 3వ సెక్షన్, (కె) క్లాజు ప్రకారం వ్యాపార పద్ధతి అసలు ఆవిష్కరణే కాదు. ఈ సంగతి తమరు ఇన్వెస్టర్లకి ఎప్పుడూ చెప్పరేం?

అమెరికాలో ఇచ్చారు లెండి. "రేటు మీరే చెప్పండి" పద్ధతికి, విమాన టికెట్లు ఆన్‌లైన్లో అమ్మే ప్రైస్‌లైన్ 1998లో నిఖార్సయిన పేటెంటే తెచ్చుకుంది. అదే పద్ధతిలో కిరాణా, పెట్రోలు అమ్మబోయిన వెబ్‌హౌస్ క్లబ్ 2000లో మూతపడింది. పేటెంటుకి మాత్రం ఏమీ కాలేదు! తర్వాత ప్రైస్‌లైన్‌కి కాసులు కురిపించింది 2005లో కొన్న బుకింగ్.కామ్. అందులో రేటు హోటలువాడే చెబుతాడు, మనం కట్టి గది తీసుకుంటాం.

అమెజాన్ వన్ క్లిక్ పేటెంటు, అంటే ఒక్క నొక్కుతో కొనేసే పద్ధతి మీద పేటెంటు, దాని కథ ఇంకా బాగుంటుంది. 1999లో దాంతో పుస్తకాలమ్మే బార్న్స్ అండ్ నోబుల్ ఆ పద్ధతి వాడకూడదని కోర్టు ఆర్డరు తెచ్చారు. వాళ్లు ఇంకో క్లిక్ కలిపి దుకాణం నడుపుకున్నారు. 2001లో పైకోర్టు ఆ పేటెంటు చెల్లుతుందో లేదో అని సందేహపడి ఆర్డరు కొట్టేసింది. ఆపిల్ మాత్రం 2000లోనే లైసెన్సు తీసుకుంది, కాబట్టి ఉత్త కాగితమని తీసిపారేయను. పక్కవాణ్ణి ఆపడానికి, బేరమాడడానికి పనికొస్తుంది. కొనేవాణ్ణి పిలుచుకురావడం దాని పని కాదు. అదీ మంజూరైన పేటెంటు సంగతి. తమరింకా రసీదే.

శుక్రవారం ఇంకో ఇన్వెస్టరు వస్తున్నారు. తమరి అద్దం తుడిచి ఉంచుతాను. నిన్న రాత్రి యాప్‌లో ఎన్ని కూరలు అమ్ముడయ్యాయని ఆయన అడిగితే మాత్రం, జవాబు తమరే చెప్పుకోండి.

ఇట్లు,
ప్రొడక్ట్ మేనేజరు