షూటింగులో కెమెరా పక్కనుంచి డైలాగులు అందించే శ్రీ ప్రాంప్టింగ్ గారికి ఒక బాబాయ్ వేషగాడు రాయునది

అయ్యా,

తమరు కెమెరా పక్కన క్షేమమని తలుస్తాను. నిన్న మధ్యాహ్నం కళ్ళారా చూశాను కాబట్టి తలవక్కర్లేదు కూడా, దివ్యంగా ఉన్నారు. ఇక్కడ నా క్షేమం సంగతి ఉత్తరం చదివితే మీకే తెలుస్తుంది.

సీన్ పేపర్ ముందురోజు రాత్రే వాట్సాప్‌లో అడుక్కుని తెప్పించుకున్న అమాయకుణ్ణి నేను. "ఎందుకు సార్, స్పాట్‌లో చెప్తారుగా" అని మేనేజర్ నవ్వాడు. నాటకాల నుంచి వచ్చిన జబ్బు, పోదు. నా డైలాగుతో పాటు హీరోగారిదీ బట్టీ పట్టాను. నా మాట ఎప్పుడూ ఎదుటివాడి ఆఖరి మాటకి తగులుకునే ఉంటుంది, అది వినపడితే ఇది దానంతటదే వస్తుంది. అప్పుడు నేను కుర్చీ దగ్గరున్నానా, గుమ్మం దగ్గరున్నానా అన్నది కూడా తెలిస్తే ఇక వేరే గుర్తుపెట్టుకునేదేం ఉండదు. పరిషత్తు నాటకాలు ఆడిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఇంట్లో మా ఆవిడే హీరో అయిపోయి, తాలింపు వేస్తూ ఆ ఆఖరి మాట, అదే క్యూ, ఇచ్చింది. నిజం చెప్పొద్దూ, బాగా ఇచ్చింది.

మరి సెట్‌లో? హీరోగారు "నీ కొడుకు ఇక రాడు బాబాయ్" అనాలి. ముందు మీరు "నీ కొడుకు" అన్నారు. తర్వాత ఆయన "నీ కొడుకు" అన్నారు. మళ్ళీ మీరు "ఇక రాడు". ఆయన "ఇక రాడు". ఒక తండ్రికి కొడుకు చావు కబురు రెండు గొంతుల్లో, వాయిదాల మీద అందింది. నేను ఏ "రాడు"కి ఏడవాలి? మీదానికే ఏడ్చేశాను. "తొందరపడకండి సార్, ఆయన్ని చెప్పనివ్వండి" అన్నారు డైరెక్టర్‌గారు. ఆగితే లేటయిందన్నారు. ఈలోగా హీరోగారు తర్వాతి ముక్క కోసం చెవి రిక్కించి గాల్లోకి చూస్తుంటే, మానిటర్ దగ్గర ఎవరో "అబ్బ, ఎంత సెటిల్డ్‌గా చేస్తున్నాడండీ" అన్నారు. అది వినికిడి మహాప్రభో, నటన అంటారేమిటి?

ఇదంతా దిగమింగేద్దును. నా క్లోజప్ మాత్రం గొంతు దిగడం లేదు.

భోజనాలయ్యాయి, లైట్లు మార్చారు. ఫ్రేములో తాను లేరు కదా అని హీరోగారు కేరవాన్‌లోకి వెళ్ళిపోయారు. ఆయన మొహం ఉండాల్సిన చోట స్టాండుకి తెల్ల టేపు ముక్క అంటించి "లుక్ ఇక్కడ సార్" అన్నారు. సరే, ఆ టేపునే కన్నబిడ్డలా చూసుకుందామనుకున్నాను. క్యూ ఇచ్చే భారం తమరిది. నాలుగు మడతలు పడ్డ పేపరు విప్పి, కళ్ళు చికిలించి, రేషన్ షాపులో పేర్లు పిలిచినట్టు చదివారు: "నీ కొడుకు ఇక రాడు బాబాయ్ బ్రాకెట్లో గొంతు పూడుకుపోయి."

బ్రాకెట్లో గొంతు పూడుకుపోయి! అదీ చదివారు!

నాకు రావాల్సిన ఏడుపు ఎటో పోయి నవ్వొచ్చింది. లైట్‌బాయ్‌కీ వచ్చింది. వన్ మోర్. ఈసారి బ్రాకెట్ మానేశారు, సంతోషం. దానికి బదులు నా డైలాగు నాకే అందించారు. కొడుకు పోయాడని వినగానే ఏ మనిషీ టక్కున నోరు తెరవడు. అక్కడ కాస్త ఆగాలి, ఆ ఆగడం కోసమే నేను రాత్రంతా పడి చచ్చాను. సరిగ్గా అందులోకి దూరి "ఎవరు చెప్పార్రా... సార్, ఎవరు చెప్పార్రా" అని అరిచారు. మర్చిపోయాననుకున్నారు. మర్చిపోలేదయ్యా, ఆగాను! నీ పుణ్యమా అని సెట్‌లో ఎవడైనా రెండు సెకన్లు నోరు మూసుకుంటే వాడికి డైలాగు రాదనే లెక్క అయిపోయింది. తెలుగు సినిమాలో ఎవడూ ఆలోచిస్తున్నట్టు కనపడడేంట్రా అని జనం తిడుతున్నారు. ఎక్కడ కనపడతాడు? నువ్వు ఆలోచించనిస్తేగా!

ఏకవచనం దొర్లింది. దొర్లనీ.

1932లో 'భక్త ప్రహ్లాద' తీసినప్పుడు సురభి కమలాబాయి లాంటి నాటకం వాళ్ళు వచ్చి నటించారు. మాటా పాటా అన్నీ కెమెరా తిరుగుతుండగానే పట్టేవాళ్ళు. అప్పుడు నువ్వు పక్కనుంచి నోరెత్తి ఉంటే హిరణ్యకశిపుడి గొంతుతో పాటు నీ గొంతూ థియేటర్లో మోగేది. డబ్బింగ్ వచ్చాక సెట్‌లో సౌండు ఎలాగూ పారేసేదే అయింది, నీ రాజ్యం మొదలైంది. 1977లో 'దానవీరశూరకర్ణ'కి కొండవీటి వెంకటకవి దుర్యోధనుడికి రాసిన మాటలున్నాయే, వాటిని నీ పద్ధతిలో ముక్కకో గావుకేక పెట్టి అందించి చూడు. సమాసం సగంలో తెగితే రామారావుగారు ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, మీసం ఎక్కడ దువ్వాలి?

ఇలా అనగానే నీ తరఫు వకీళ్ళు మార్లన్ బ్రాండోని బోనెక్కిస్తారు. నిజమే, 'గాడ్‌ఫాదర్'లో రాబర్ట్ డువాల్ గుండెల మీద డైలాగు అట్ట పెట్టుకుని నిలబడితే బ్రాండో చూసి చెప్పాడు. కానీ ఆ అట్ట అరవలేదు. పైగా అట్ట వెనకాల డువాల్ ఉన్నాడు. నాకు టేపు ముక్క ఇచ్చారు.

డైలాగు బదులు వన్ టూ త్రీ ఫోర్ అని అంకెలు చెప్పి ప్రేమించే పరభాషా హీరోయిన్ల మీద నాకు కోపం లేదు. భాష రాని పిల్ల, మేకప్ కుర్చీలో కూర్చున్నాక పేపరు చేతిలో పెడితే ఏం చేస్తుంది పాపం? ఆ పొద్దున్నే వచ్చే పేపరుకి విడిగా ఇంకో ఉత్తరం రాస్తాను, అందులో నమస్కారాలు కూడా ఉండవు.

నీకు గొంతు అరువిస్తున్నాడే ఆ అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు, వాణ్ణి మాత్రం ఏమీ అనలేను. టీ టైములో నా పక్కకొచ్చి "మీరు ఆగారని తెలుసు సార్. అందించకపోతే నన్ను తిడతారు" అన్నాడు. హీరోది, విలన్‌ది, నాది, చివర్లో వచ్చే ఇన్‌స్పెక్టర్‌ది, సినిమా మొత్తం నోటికొచ్చింది ఆ యూనిట్‌లో వాడొక్కడికే. ఏదీ, ఆ మాట ఒకసారి అను అన్నాను. పేపరు చూడకుండా, నా మొహంలోకి చూస్తూ అన్నాడు. ఒళ్ళు జలదరించింది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. కెమెరావాళ్ళు సమోసాలు తింటున్నారు.

వచ్చేవారం డబ్బింగ్. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే పైలట్ ట్రాక్‌లో, అంటే డబ్బింగ్‌కి ఆనవాలుగా సెట్‌లో పట్టిన సౌండులో, మళ్ళీ నువ్వే తగులుతావని తెలుసు. 2001లో 'లగాన్' వాళ్ళు భుజ్ దగ్గర అంతమంది జనాన్ని పెట్టుకుని కూడా సౌండు లొకేషన్‌లోనే పట్టారు. మన దగ్గరా అదే అందరికీ అలవాటైతే నీ కథ కంచికే. అందాకా హీరోగారికి చెవిలో చెప్పుకో, జోలపాట పాడుకో, నీ ఇష్టం. నేను ఆగినప్పుడు మాత్రం నోరు మూసుకో.

ఇట్లు,
డైలాగు వచ్చిన బాబాయ్