మీసాల తనిఖీ కమిటీ వారికి విన్నపం

పోయిన నెల విజయనగరంలో ఓ పెళ్ళికెళ్ళాం. పెళ్ళికొడుకు మొహం నాకిప్పుడు గుర్తులేదు గానీ మా అక్క కొడుకు మూతి మీద వెంట్రుకలెన్నో మాత్రం లెక్కతో సహా చెప్పగలను, సున్నా, ఎందుకంటే ఆ రోజు కళ్యాణ మండపంలో జరిగిన అసలు కార్యక్రమం అదే.

గుంటడికి 15 ఏళ్ళు. టెన్త్ అయిపోయింది. మన దగ్గర ఆడపిల్ల పెద్దమనిషైతే టెంటేసి ఫ్లెక్సీ కట్టి ఇంట్లో ఉండాల్సిన సంగతిని మూడు లాంతర్ల జంక్షన్ దాకా చాటిస్తాం కదా, మగపిల్లాడికి ఆ ఖర్చు లేదు, వాడికి కమిటీ ఉంది. మెంబరవ్వాలంటే సొంత మీసం, బోల్డంత తీరిక ఉంటే చాలు. చైర్మన్ మా పెద్దన్నయ్య.

టిఫిన్ల దగ్గర మొదలైంది. "ఏటిరా, ఇంకా మీసం రాలేదేటి?" అని అన్నయ్య వాడి గెడ్డం పట్టుకుని సంతలో వంకాయకి పుచ్చుందేమో చూసినట్టు వెలుతురు వైపు తిప్పాడు. వెంటనే రెండో మెంబరు, మా బావ, జబ్బ నొక్కి చూసి "కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన గడ్డరా ఇది, గుండెల మీద ఏనుగునెక్కించుకున్న మనిషి, నువ్వు పిల్లినెక్కించుకోగలవేట్రా" అన్నాడు. (రామ్మూర్తి నాయుడు గారిది వీరఘట్టం. బావ చివరిసారి మెట్లెక్కినప్పుడు మధ్యలో కూర్చున్నాడు, అది వేరే సంగతి.) మూడో ఆయన ఇంకా శాస్త్రీయం, వాడినీ వాడి 13 ఏళ్ళ చెల్లెల్నీ వీపుకి వీపు ఆనించి నిలబెట్టాడు, ఎవరు పొడుగో తేలక కెమెరా కుర్రాణ్ణి పిలిచాడు, వాడు ఉత్సాహం కొద్దీ డ్రోన్ కూడా లేపాడు, దాంతో తాళి కట్టే టైమ్‌కి ఎల్‌ఈడీ స్క్రీన్ మీద వధూవరులకి బదులు వీళ్ళిద్దరి తలలు కనబడ్డాయి. పంతులుగారు కూడా మంత్రం ఆపి చూశారు. చెల్లెలే పొడుగు. చప్పట్లు. ఆ మీదట ఆర్కెస్ట్రా మైకిచ్చి మాట్లాడమన్నారు, వాడు "వద్దు మావయ్యా" అంటే హాలంతా ఆ సన్నటి గొంతు వినబడింది, వెనకనుంచి ఎవరో "ఏ పాపమ్మా మాటాడుతోంది?" అన్నారు.

నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, చేతిలో పెసరట్టు ప్లేటుతో.

తిరుగు బస్సులో కండక్టర్ వాడికి హాఫ్ టికెట్ కొట్టాడు. అది 12 ఏళ్ళ లోపు వాళ్ళకి. మా అక్క డబ్బులు మిగిలాయనుకుంది, వాడు మాత్రం శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వచ్చేదాకా కిటికీలోంచి మొహం ఇటు తిప్పలేదు. అప్పుడు తగిలింది నాకు. ఆ వారమే డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళాం.

కమిటీ వారు గమనించాలి, మీసం ఈ వ్యవహారంలో దాదాపు ఆఖరి అంకం. మొదలయ్యేది వృషణాలు పెరగడంతో, మామూలుగా 9 నుంచి 14 ఏళ్ళ మధ్యలో. 14 నిండినా అక్కడ కదలిక లేకపోతే చూపించుకోమంటారు. డాక్టర్ల దగ్గర వృషణాల సైజు పోల్చి చూడ్డానికి ప్రేడర్ అనే స్విస్ డాక్టరు పేరుతో ఓ పూసల దండ ఉంటుంది, 1 నుంచి 25 మిల్లీలీటర్ల దాకా 12 పూసలు, 4 వచ్చిందంటే బండి కదిలినట్టు. ఎడమ చేతికి ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు, పొద్దున్నే రక్తం తీసి హార్మోన్లు చూస్తారు. ఎక్కువమందికి జబ్బేం ఉండదు, వంశంలోనే లేటు. పిల్లాడు మరీ కుంగిపోతుంటే కొన్ని నెలలు చిన్న డోసు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లిస్తారు. కొందరికి మాత్రం థైరాయిడ్, సరైన తిండి లేకపోవడం, ఏజెన్సీ వైపైతే సికిల్ సెల్ లాంటివి వెనకుంటాయి. కాల్మన్ సిండ్రోమని ఇంకోటుంది, ఈడు మొదలెట్టమని మెదడు నుంచి రావాల్సిన హార్మోన్ కబురు పుట్టుకతోనే రాని జబ్బు, అందులో చాలామందికి ఆవకాయ జాడీలో తల పెట్టినా వాసన తెలీదు. పెళ్ళిలో మీసమేదని అడిగినవాళ్ళు నలభైమంది, వాసన తెలుస్తోందా నాయనా అన్నవాడు ఒక్కడు లేడు.

వాడు కబడ్డీ ఎప్పుడో మానేశాడట, చొక్కా విప్పాలని. క్లాసులో జవాబు తెలిసినా లేవడట, గొంతు వినబడుతుందని. ఇంటర్‌కి హాస్టల్ వద్దని ఏడ్చాడు, అక్కడ స్నానాలు అందరూ కలిసి, మేమేమో సెల్‌ఫోన్ వల్ల పాడైపోయాడని ఫోన్ లాక్కున్నాం. సిగ్గుండాలి మనకి! నవ్వుకోడానికి మీ పొట్టల్లేవా, మీ బట్టతలల్లేవా, వాడి చేతిలో లేని దాన్ని పట్టుకుని పదిమందిలో పసివాణ్ణి ఒలుస్తారేటి? చెయ్యి తియ్యండి వాడి గెడ్డం మీంచి.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, నాన్నకీ మేనమామలకీ ఎప్పుడు మొదలైందని. నాన్నకి టైమ్‌కే. నాకూ టైమ్‌కే. అందుకని ఆదివారం మా ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు అక్క అమ్మనడిగింది, మనింట్లో ఎవరికైనా లేటుగా వచ్చిందా అని. చైర్మన్‌గారు నా పక్కనే మీసం దువ్వుకుంటూ ముద్ద కలుపుతున్నాడు.

"ఇంకెవరికే, మీ పెద్దన్నయ్యకే" అంది అమ్మ పులుసు వడ్డిస్తూ. "పద్దెనిమిదొచ్చినా గొంతు మారలేదు. ఊరి నాటకంలో వరసగా మూడేళ్ళు ఆడేషం ఈడికే ఇచ్చేరు. కట్టింది నా పెళ్ళి చీరే."

గుంటడు తల ఎత్తాడు. అన్నయ్య చెయ్యి మీసం మీంచి మెల్లగా కిందికి దిగింది.

"పెరుగుందేటి?" అన్నాడు, సన్నగా.