మీ కాలి బొబ్బకి నా ఐదొందలు

చారిటీ కోసం సోలోగా వందల కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ల మీద ఈమధ్య జోకులు ఎక్కువైపోయాయి, దీన్ని నేను గట్టిగా ఖండిస్తున్నానండి. పిల్లల వైద్యానికి డబ్బులు కావాలంటే నేరుగా అడగొచ్చుగా, మధ్యలో నువ్వు పరిగెత్తడం దేనికి అంటారు. ఎంత అమాయకత్వం! నేరుగా అడిగితే ఎవడిస్తాడు? ఎవరో పిల్లాడికి ఒంట్లో బాలేదని ఫోన్లో పోస్టు కనపడితే పైకి తోసేసి వెళ్లిపోతాం, అదే వాడి కోసం పరిగెత్తి మా టీమ్ లీడ్‌కి బొటనవేలి గోరు ఊడిందంటే మాత్రం ఆ ఫోటో జూమ్ చేసి చూసి, అయ్యో అనుకుని, ఐదొందలు కొట్టి, కింద దండం ఎమోజీ కూడా పెడతాం. రోగం ఒకళ్లది, నొప్పి ఇంకొకళ్లది, ట్యాక్స్ మినహాయింపు రసీదు మనది. కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో ఆ రసీదు ఎందుకూ పనికిరాదని తెలిసీ అడుగుతాం, అది వేరే విషయం.

పైగా ఇదేదో తెల్లోళ్ల దగ్గర నేర్చుకున్న ఫ్యాషన్ అనుకుంటున్నారు. 1951లో వినోబా భావే తెలంగాణలో ఊరూరా నడుస్తూ ఏప్రిల్ 18న పోచంపల్లి వచ్చారు, భూమి లేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం మొదలైంది అక్కడే. ఆ తర్వాత ఆయన ఏళ్ల తరబడి దేశమంతా నడిచారు, జనం లక్షల ఎకరాలు రాసిచ్చారు. అందులో చాలా భూమి రాళ్లు, గుట్టలు, కోర్టు కేసులు అని తర్వాత తేలింది, కానీ అడిగినాయన కాళ్లరిగేలా నడిచాడు కాబట్టి ఇచ్చినవాళ్లకి పుణ్యం మాత్రం ఫుల్లుగా జమైంది. ఇక మన నాయకులైతే ఈ శాస్త్రాన్ని ఎక్కడికో తీసుకెళ్లారు. 2003లో చేవెళ్ల నుంచి ఒకరు, 2012లో హిందూపురం నుంచి ఇంకొకరు, 2017లో ఇడుపులపాయ నుంచి మరొకరు నడిచారు, ముగ్గురూ ముఖ్యమంత్రులయ్యారు. ఆ లెక్కన చూస్తే పాపం చారిటీ రన్నర్ అడిగేది ఎంత, ఐదొందలేగా!

ఇంగ్లండులో కెప్టెన్ టామ్ మూర్ అని 99 ఏళ్ల పెద్దాయన, 2020 లాక్‌డౌన్‌లో వాకర్ పట్టుకుని తన పెరట్లోనే 100 రౌండ్లు నడుస్తానన్నాడు. టార్గెట్ వెయ్యి పౌండ్లు, వచ్చింది 3 కోట్ల పౌండ్ల పైనే, అదంతా ఆసుపత్రుల చారిటీకి వెళ్లింది. ఆయన్ని వంక పెట్టడానికి నాకు నోరు రాదు. ఆయన పేరు మీద ఇంట్లోవాళ్లు విడిగా పెట్టిన ఫౌండేషన్ కథ వేరు, దాని పేరు చెప్పి ఇంటి ఆవరణలో స్పాతో సహా బిల్డింగు కట్టేసుకుంటే చివరికి పడగొట్టించారు. నడిచినాయన పెరడు దాటలేదు గానీ తర్వాతివాళ్లు మాత్రం చాలా దూరం వెళ్లారన్నమాట.

సోలో అనే మాట మీద కూడా అనవసరమైన రాద్ధాంతం. మా టీమ్ లీడ్ హైదరాబాద్ నుంచి విజయవాడకి సోలోగా బయల్దేరాడు, దాదాపు 270 కిలోమీటర్లు. వెనక ఒక ఇన్నోవా, అందులో ఫిజియో, డ్రోన్ కుర్రాడు, ఎలక్ట్రాల్ కలపడానికి బావమరిది, రీల్స్ ఎడిటింగ్‌కి ఇంకో ఇద్దరు. మరి ఒంటరితనాన్ని ఎవరో ఒకరు షూట్ చేయాలి కదండీ. బ్యానర్ మీద ఆయన ఫోటో నిలువెత్తున ఉంది, స్పాన్సర్ల లోగోలున్నాయి, డబ్బు వెళ్లే ఆసుపత్రి పేరు మాత్రం కింద క్యూఆర్ కోడ్ పక్కన చీమంత అక్షరాల్లో ఉంది, కళ్లజోడు పెట్టుకున్నా కనపడలేదు.

అందుకే నా ప్రతిపాదన ఏంటంటే దీన్ని ప్రభుత్వ విధానం చేసేయాలి. బడికి బాత్రూమ్ కావాలని హెడ్మాస్టారు అర్జీల మీద అర్జీలు పెట్టినా ఫైలు కదలదు, అదే ఆయన్ని నిక్కరేసుకుని ఊరి నుంచి కలెక్టరేట్ దాకా పరిగెత్తమనండి, లైవ్ పెట్టండి, ఐదో కిలోమీటర్లో కండరం పట్టేస్తే తలుపులు, పదో కిలోమీటర్లో కళ్లు తిరిగి పడితే నీళ్ల ట్యాంకు. నడుము నొప్పి ఉన్న మాస్టారు దొరికితే కాంపౌండ్ వాల్ కూడా వచ్చేస్తుంది.

ఇంతకీ మా వాడు చౌటుప్పల్ దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఆగాడట, ఒళ్లంతా చెమట, కుంటుకుంటూ. కొట్టు పెద్దాయన చూసి "బస్సు పోయిందా బిడ్డా?" అన్నాడు. కాదు తాతా, జబ్బు చేసిన పిల్లల కోసం విజయవాడ దాకా పరిగెత్తుతున్నా అన్నాడు వీడు. "నువ్వు ఉరికితే ఆళ్లకు ఎట్ల తగ్గుతది?" అని ఆ పెద్దాయన కాసేపు ఆలోచించి, గల్లాపెట్టె తీసి ఇరవై రూపాయల నోటు చేతిలో పెట్టి, నార్కట్‌పల్లి దాకన్నా బస్సెక్కమన్నాడు. ఇప్పుడు అసలు సమస్య ఏంటంటే డొనేషన్ పేజీలో మినిమం వంద, క్యాష్ ఆప్షనే లేదు. ఆ ఇరవైతో అక్కడే రెండు టీలు తాగేశారు, అడ్మినిస్ట్రేటివ్ ఖర్చుల కింద రాసుకుంటే సరిపోతుందని సీఏ చెప్పాడట.