క్రాన్‌బెర్రీ మడి మళ్ళీ చిత్తడి కావాలంటే

అమెరికాలో ఉండే తెలుగు ఇళ్ళలో నవంబర్ వచ్చిందంటే వాక్కాయ లేని లోటు తీరుతుంది. థాంక్స్‌గివింగ్ ముందు సూపర్‌మార్కెట్లలో పచ్చి క్రాన్‌బెర్రీ ప్యాకెట్లు గుట్టలుగా పోస్తారు. వాక్కాయతో ఏమేం చేసుకుంటామో వాటితోనూ అవన్నీ చేసుకోవచ్చు: పప్పు, పులిహోర, పచ్చడి. పులుపు సరిగ్గా సరిపోతుంది. చివర్లో కాస్త వగరు తగులుతుంది, అంతే తేడా. ఆ కాయ ఎక్కడ పండిందో, అది పండిన నేల ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఆరా తీసేవాళ్ళు మాత్రం తక్కువ.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోస్టన్ నుంచి దక్షిణంగా గంటసేపు కారులో వెళ్తే ప్లిమత్, కార్వర్, వేర్‌హామ్ ఊళ్ళు వస్తాయి. అక్కడి క్రాన్‌బెర్రీ తోటల్ని వాళ్ళు ‘బాగ్’ అంటారు. మనవాళ్ళు చూస్తే మడి అనే అంటారు. చదునైన నేల, చుట్టూ గట్టు, గట్టు వెంట కాలువ, ఒక మూల నీళ్ళు వదలడానికీ ఆపడానికీ తూము. శరదృతువులో కోతకు నీళ్ళు పెట్టి మడిని నింపుతారు. కాయ లోపల నాలుగు గాలి గదులుంటాయి కాబట్టి, తీగ నుంచి రాలగానే పైకి తేలుతుంది. మోకాళ్ళ పైదాకా రబ్బరు బూట్లు వేసుకున్న మనుషులు తేలే తాడుతో ఆ ఎరుపంతా ఒక మూలకు చేరుస్తారు. టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు.

ఫొటోల్లోకి రాని మడులు కూడా అక్కడే ఉన్నాయి. తూము చెక్కలు పుచ్చిపోయి, కాలువలో నాచు పట్టి, తీగల మధ్య పైన్ మొక్కలు లేచినవి. ఏటికేడు వాటి సంఖ్య పెరుగుతోంది.

కారణం డబ్బే. 1990ల మధ్య వరకు క్రాన్‌బెర్రీ పంటలో మసాచుసెట్స్ రాష్ట్రానిదే మొదటి స్థానం. తర్వాత విస్కాన్సిన్ దాన్ని దాటిపోయింది, ఇప్పుడు దేశం పంటలో సగానికి పైగా అక్కడిదే. అక్కడ పెద్ద కమతాలు, కొత్త హైబ్రిడ్ రకాలు. మసాచుసెట్స్‌లో చాలామంది రైతులు ఇప్పటికీ ‘ఎర్లీ బ్లాక్’, ‘హౌస్’ అనే పాత రకాలే పెంచుతున్నారు. అవి పందొమ్మిదో శతాబ్దంలో అడవి తీగల్లోంచి ఎంచి తెచ్చుకున్నవి, దిగుబడి తక్కువ. 1996, 1997లలో వంద పౌన్ల బారెల్ 60 డాలర్లు పైన పలికింది. 2000 వచ్చేసరికి 20 డాలర్ల లోపుకి పడిపోయింది. ఆ దెబ్బ నుంచి చిన్న రైతులు పూర్తిగా కోలుకోలేదు. పాత తీగ పీకి హైబ్రిడ్ వేయాలంటే ఎకరాకు పదుల వేల డాలర్లు కావాలి, వేశాక పంట కోసం కొన్నేళ్ళు ఆగాలి. అరవై దాటిన రైతు, పిల్లలు బోస్టన్‌లో ఉద్యోగాలు చేసుకుంటుంటే, ఆ అప్పు ఎందుకు చేస్తాడు?

సరే, పంట మానేశారు. ఇక ఆ నేలని అలా వదిలేస్తే ప్రకృతే చూసుకుంటుంది కదా అని చాలామంది అనుకుంటారు. అక్కడే పొరపాటు. వదిలేసిన క్రాన్‌బెర్రీ మడి దానంతటది చిత్తడి నేల కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఆ మడి కింద ఏముందో తవ్వి చూడాలి.

1816లో అదే రాష్ట్రంలో, కేప్ కాడ్ ద్వీపకల్పంలోని డెన్నిస్ ఊరిలో హెన్రీ హాల్ అనే రైతు ఒక సంగతి గమనించాడు. సముద్రతీరం నుంచి గాలికి ఇసుక ఎగిరొచ్చి పడిన చోట అడవి క్రాన్‌బెర్రీ తీగలు బలంగా పెరుగుతున్నాయి. అమెరికాలో క్రాన్‌బెర్రీ సాగు అక్కడ మొదలైంది. అప్పటి నుంచి ఇసుక వేయడమే ఈ సాగుకు ప్రాణం. కొన్నేళ్ళకోసారి తీగల మీద ఒక అంగుళం మందాన ఇసుక చల్లుతారు. దానివల్ల తీగకు కొత్త వేర్లు పుడతాయి, పురుగులు కప్పడిపోతాయి. దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది. చలికాలంలో మడికి నీళ్ళు పెడితే గడ్డకడుతుంది. ఆ మంచు మీద ట్రక్కులు నడిపి ఇసుక పరుస్తారు. వసంతంలో మంచు కరిగితే ఇసుక దానంతటదే తీగల మధ్యకు సమానంగా దిగిపోతుంది.

తెలివైన పనే. కానీ ఆ పని వందేళ్ళకు పైగా చేస్తూ పోయారు. మడి అడుగున అసలు నేల పీట్. వేల ఏళ్ళుగా నీటిలో కుళ్ళీ కుళ్ళకుండా పేరుకుపోయిన నాచు, ఆకు, కట్టె కలిసిన నల్లటి మెత్తటి మట్టి అది. దాని మీద ఇసుక ఏటికేటికీ పేరుకుంది, కొన్నిచోట్ల అడుగుల లెక్కన. మధ్యలో కాలువలు తవ్వి నీటిని కిందికి దించారు. మెలికలు తిరిగే వాగును గీత గీసినట్టు తిన్నగా చేశారు. దానికి అడ్డంగా చిన్న చిన్న ఆనకట్టలు కట్టారు. అలాంటి నేలలో సాగు ఆపేస్తే పైన ఉన్నది పొడి ఇసుకే. చిత్తడి మొక్కకు అక్కడ చోటు లేదు. పైన్, రెడ్ మేపుల్ మొలుస్తాయి. ఇరవై ముప్పై ఏళ్ళు గడిస్తే అది మామూలు మెట్ట అడవి అవుతుంది. అడవి చెడ్డదని కాదు. అక్కడ అడవికి కొదవ లేదు, పోయింది చిత్తడి నేల.

కాబట్టి ఆ నేలను పాత స్థితికి తేవాలంటే చేతులు కట్టుకుని కూర్చుంటే కాదు, ఎక్స్‌కవేటర్ దింపాలి. ఈ మాట చెప్తే ప్రకృతి ప్రేమికులకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. పచ్చటి తీగలున్న చోట యంత్రం దిగి గోతులు తవ్వుతుంటే విధ్వంసంలాగే కనిపిస్తుంది. ప్లిమత్‌లోని టిడ్‌మార్ష్ ఫార్మ్స్‌లో 2015, 2016లలో జరిగింది అదే. ఆ తోట యజమానులు గ్లోరియానా డావెన్‌పోర్ట్, ఇవాన్ షుల్‌మన్ దంపతులు. వాళ్ళ చివరి పంట 2010లో వచ్చింది. తర్వాత రాష్ట్ర, ఫెడరల్ సంస్థలతో కలిసి పని మొదలుపెట్టారు. తొమ్మిది ఆనకట్టలు తీసేశారు, మూడు మైళ్ళకు పైగా వాగును మళ్ళీ మెలికలు తిప్పారు, కాలువలు పూడ్చారు. చదును చేసిన నేలని కావాలనే ఎగుడుదిగుడుగా చేశారు. మన రైతు మడి చదును కోసం పడే తిప్పలన్నీ వాళ్ళు తలకిందులు చేశారు. గుంటలో నీళ్ళు నిలుస్తాయి, దిబ్బ మీద పొద మొలుస్తుంది. నాలుగంగుళాల ఎత్తు తేడాకు మొక్క జాతే మారిపోతుంది. వాగులో అడ్డంగా చెట్ల మొద్దులు పడేశారు. చేప దాక్కోవడానికి, నీళ్ళు నెమ్మదించడానికి.

2017లో మాస్ ఆడుబాన్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ ఆ స్థలాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా తెరిచింది. డావెన్‌పోర్ట్‌కు ఎంఐటీ మీడియా ల్యాబ్‌తో అనుబంధం ఉంది. అందుకే చిత్తడిలో సెన్సర్లు, మైకులు పెట్టి అక్కడి తేమ, ఉష్ణోగ్రత, కప్పల అరుపులు కూడా రికార్డు చేశారు.

ఇందులో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది విత్తనాల సంగతి. ఇలాంటి చోట్ల యంత్రం ఇసుకను పక్కకు తోసి కింది పీట్‌ను పైకి తిప్పగానే, ఎవరూ నాటని తుంగ, రెల్లు జాతులు మొలిచాయి. తోట వేయకముందు అక్కడ పెరిగిన మొక్కల విత్తనాలు గాలి తగలని మట్టిలో వందేళ్ళు నిద్రపోయి, వెలుతురు పడగానే లేచాయి. నర్సరీ నుంచి తెచ్చి నాటినవి కూడా ఉన్నాయి. అదే ప్లిమత్‌లో 2010లో ముగిసిన ఈల్ రివర్ ప్రాజెక్టులో అట్లాంటిక్ వైట్ సీడార్ మొక్కలు వేల సంఖ్యలో నాటారు. కానీ పాత విత్తనం లేవాలంటే ముందు మనిషి ఆ ఇసుక తీయాలి.

ఇక చేప. రివర్ హెర్రింగ్ అంటే మన పులసకు దూరపు చుట్టం అనుకోండి. సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి వసంతంలో వాగులకు ఎదురీదుతుంది. మడి కోసం కట్టిన ఆనకట్ట అడుగున్నర ఎత్తు ఉన్నా దాని ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. మసాచుసెట్స్‌లో ఈ చేప ఎంత తగ్గిందంటే, 2000ల మధ్యలో దాన్ని పట్టడమే నిషేధించారు. కేప్ కాడ్‌లోని ఫాల్‌మత్‌లో కూనమెసెట్ నది మీద మడుల్ని 2017 నుంచి 2020 దాకా రెండు దశల్లో పాత స్థితికి తెచ్చినప్పుడు ముందు అనుకున్నది ఈ చేప గురించే.

అయితే ఊళ్ళు దీనికి డబ్బు పెడుతున్నది చేప మీద ప్రేమతోనే అనుకుంటే అమాయకత్వం. అసలు టెన్షన్ నైట్రోజన్‌ది. కేప్ కాడ్‌లో ఎక్కువ ఇళ్ళకు అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు, సెప్టిక్ ట్యాంకులే. కింద ఇసుక నేల. ట్యాంకులోంచి ఇంకిన నీళ్ళు నైట్రోజన్‌తో సహా భూగర్భంలోకి, అక్కడి నుంచి సముద్రపు పాయల్లోకి చేరతాయి. నాచు పెరిగి నీళ్ళు పచ్చబడతాయి, అడుగున ఈల్‌గ్రాస్ గడ్డి చస్తుంది, దాంతో ఆల్చిప్పలూ పోతాయి. 2023లో రాష్ట్రం నిబంధనలు బిగించింది. ఊరంతా డ్రైనేజీ వేయాలంటే ఖర్చు కళ్ళు తిరిగేంత. చిత్తడి నేలలో అయితే గాలి అందని బురదలో ఉండే బ్యాక్టీరియా నైట్రేట్‌ను మామూలు నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. తిన్నటి కాలువలో ఆ నీళ్ళు గబగబా సముద్రంలోకి వెళ్ళిపోతాయి. చిత్తడిలో ఆగి ఆగి, మట్టిని తాకుతూ వెళ్తాయి. ఊరి పన్ను కట్టేవాడికి ఈ లెక్క కప్పల కంటే తొందరగా అర్థమవుతుంది. అందులో తప్పేమీ లేదు. అలాగని చిత్తడి ఉంటే డ్రైనేజీ అక్కర్లేదని చెప్పేవాళ్ళను మాత్రం నమ్మకూడదు. అది సాయమే, బదులు కాదు.

తీరానికి దగ్గరగా ఉన్న మడులకు ఇంకో విలువ ఉంది. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఉప్పు చిత్తడి లోపలికి జరగాలి. వెనక రోడ్డో, ఇల్లో, గట్టో ఉంటే జరగడానికి చోటుండదు, మునిగి చస్తుంది. పల్లంలో ఉన్న పాత మడి గట్టు తీసేస్తే దానికి దారి దొరుకుతుంది.

దీన్ని వ్యతిరేకించేవాళ్ళ మాటలోనూ బలం ఉంది. ఫాల్‌మత్‌లో ఊరి సొంతమైన మడుల మీద ఏళ్ళ తరబడి గొడవ జరిగింది. సాగు కొనసాగాలన్నవాళ్ళు ఒక వైపు, నదిని వదిలేయమన్నవాళ్ళు ఒక వైపు. తాత తవ్విన మడిని పూడ్చడం ఎవరికైనా కష్టమే. కానీ క్రాన్‌బెర్రీ మడి ఈ నేలకు తొలి వారసత్వం కాదు. యూరప్ వాళ్ళు రాకముందే వాంపనోగ్ జాతి వాళ్ళు అడవి క్రాన్‌బెర్రీలు ఏరుకుని తిన్నారు. మార్తాస్ విన్‌యార్డ్ దీవిలోని అక్వినా వాంపనోగ్‌లు ఇప్పటికీ అక్టోబర్‌లో క్రాన్‌బెర్రీ డే జరుపుకుంటారు. ఆ తీగకు గట్టూ తూమూ అక్కర్లేదు. బాగుచేసిన చిత్తడిలో కూడా అది అక్కడక్కడా తిరిగి పాకుతుంది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది రైతు సంగతి. మసాచుసెట్స్‌లో ఈ పని కాస్తయినా సాగుతోందంటే, వదులుకునే రైతుకు డబ్బు ముడుతోంది కాబట్టి. ఫెడరల్ వ్యవసాయ శాఖ పథకం కింద, ఇక ఈ నేలలో సాగు చేయను, ఇళ్ళు కట్టను అని రైతు హక్కు రాసిస్తాడు. దానికి డబ్బు తీసుకుంటాడు, నేల పేరు తనదే ఉంటుంది. లేకపోతే ఊరో, ఏదైనా ట్రస్టో కొనుక్కుంటుంది. 2018లో రాష్ట్రం దీనికోసమే ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. ఇక్కడ మనకు కొల్లేరు గుర్తు రాక మానదు. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి సరస్సును అభయారణ్యం చేశారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. జిరాయితీ భూములకు పరిహారం సంగతి తేలకుండా నానుతూనే ఉంది, గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి. కొల్లేరు కథ వేరు, అక్కడ లక్షల మంది బతుకులు, రాజకీయాలు ఉన్నాయి. అయినా గట్టు తెగ్గొట్టడం ఒక రోజు పని, ఆ గట్టు మళ్ళీ కట్టాల్సిన అవసరం రైతుకు లేకుండా చేయడం అసలు పని. మసాచుసెట్స్ వాళ్ళు మొదలుపెట్టింది ఆ రెండోదానితో.

అక్కడ కూడా డబ్బు అందే వేగం చాలదు. అనుమతులు, డిజైన్, నిధులు అన్నీ కలిసొచ్చేసరికి ఒక్కో ప్రాజెక్టుకు ఏళ్ళు పడుతోంది. ఈలోగా రైతు గుమ్మం ముందుకు వచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. మడి చుట్టూ గుట్టలుగా ఉన్న ఇసుకే ఒక సరుకు. ఇసుక తవ్వకాల మీద ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గొడవలు నడుస్తూనే ఉన్నాయి. సోలార్ కంపెనీ లీజుకు అడుగుతుంది. సోలార్ మంచిదే, కానీ దాన్ని పాత పార్కింగ్ స్థలం మీద కూడా పెట్టుకోవచ్చు, పీట్ నేల మీదే పెట్టాలని లేదు. రైతుకు మాత్రం ఎవరి చెక్కు ముందొస్తే వాళ్ళే దేవుడు. అతన్ని తప్పుపట్టలేం.

చెక్కు వచ్చేలోపు మడిలో పైన్ మొక్కలు ఆగవు. ఇవాళ మోకాలెత్తున్న మొక్కను చేత్తో పీకేయొచ్చు. పదేళ్ళు పోతే దానికి రంపం కావాలి, వేరు తీయడానికి ఇంకో యంత్రం కావాలి. ఆ ఖర్చు కూడా ఆ ప్రాజెక్టు లెక్కలోనే పడుతుంది.