'మావాళ్ళు తప్పు చెయ్యరు' అనే ధీమా గారికి బహిరంగ లేఖ

ధీమా గారికి నమస్కారం.

మీరెప్పుడూ బాగానే ఉంటారు కాబట్టి క్షేమసమాచారాలు అడగడం లేదు. నేరుగా విషయానికొస్తాను.

1968 డిసెంబరులో అమెరికా వాళ్ళ అంతరిక్ష నౌక అపోలో 8 చంద్రుడి చుట్టూ పదిసార్లు తిరిగి వచ్చింది. మనుషులు ఆ పని చెయ్యడం అదే మొదలు. పుస్తకాల్లో బోర్మన్, లోవెల్, ఆండర్స్ పేర్లే ఉంటాయి. మీరు కూడా వెళ్ళిన సంగతి ఎవరూ రాయరు, పాపం.

అసలు కథ అంతకుముందే మొదలైంది. నౌకలోని కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాసింది ఎం.ఐ.టి. అనే అమెరికా విశ్వవిద్యాలయపు ప్రయోగశాల వాళ్ళు. అక్కడ పనిచేసే మార్గరెట్ హామిల్టన్ చిన్నపిల్లైన తన కూతుర్ని అప్పుడప్పుడు వెంట తీసుకెళ్ళేది. ఆ పిల్ల ఓ రోజు వ్యోమగామిలా ఆడుకుంటూ అక్కడి నమూనా కంప్యూటర్ మీటలు టకటకా నొక్కేసింది. రాకెట్ నేల మీద ఉన్నప్పుడు మాత్రమే వాడాల్సిన పీ01 అనే ప్రోగ్రాం మధ్యలో మొదలై, మొత్తం పడుకుంది. రేపు పైన ఎవరైనా ఇదే నొక్కితే? అడ్డుకట్టగా నాలుగు లైన్లు రాస్తానంది తల్లి.

అప్పుడు నోరు విప్పింది మీరే. వ్యోమగాములు బాగా ట్రెయినింగ్ అయినవాళ్ళు, అలాంటి పొరపాట్లు చెయ్యరు అన్నారట. హామిల్టన్ తర్వాత చెప్పుకున్న సంగతే ఇది. చివరికి ఆవిడకి దక్కింది, 'ప్రయాణంలో పీ01 ఎంచుకోవద్దు' అని కాగితం మీద ఒక సూచన రాసుకునే అవకాశం. 'ఇచ్చట పోస్టర్లు అంటించరాదు' అని రాసిన గోడలు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. ఓసారి వచ్చి చూసి వెళ్ళండి.

నాకు తమాషాగా అనిపించేది ఇంకోటి. చంద్రుడి దగ్గర్నుంచి ఇంటికి తోసే ఇంజిన్ ఒక్కటే. అది మొరాయిస్తే ముగ్గురూ అక్కడే. అందుకే దాని ఇంధన కవాటాలు రెండేసి జతలు పెట్టారు. ఇంధనాలు కూడా ఒకదానికొకటి తగిలితే చాలు, వాటంతటవే మండేవి. నిప్పు రాజేసే పరికరాన్ని కూడా నమ్మలేదన్నమాట! ఇనుముని అంతగా అనుమానించిన మీరు మనిషి వేలిని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మారు.

ఆ వేలుకి నిద్రా సరిగా లేదు. చంద్రకక్ష్యలో ఉండగానే పొరపాట్లు దొర్లుతున్నాయని గమనించి, కమాండర్ బోర్మన్ మిగతా పనులు రద్దు చేసి, మిగతా ఇద్దర్నీ పడుకోమన్నాడు. మీరు ఆ కబురు విన్నారో లేదో.

క్రిస్మస్ రోజున, తిరుగు ప్రయాణంలో, లోవెల్ దిక్కు చూసుకోవడానికి వాడే నక్షత్రాల్లో ఒకదాని నంబరు, నక్షత్రం 01 అని కొట్టబోయి ప్రోగ్రాం 01 కొట్టాడు. అంతే. ఇంటి దారి పట్టిన నౌకకి, తాను ఇంకా ఫ్లోరిడాలో లాంచ్ ప్యాడ్ మీదే నిటారుగా నిలబడి ఉన్నానని నమ్మకం కుదిరింది. తాను ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పే లెక్క చెరిగిపోయింది. ఉన్నట్టుండి పీ01 ఎందుకో వచ్చిందని లోవెల్ కిందికి చెప్పాడు. 'ఎందుకో' అట! ఏ ఆఫీసులోనైనా మొదటి వాంగ్మూలం ఇలాగే ఉంటుంది లెండి. తర్వాత రిగెల్, సిరియస్ నక్షత్రాలను చూసుకుంటూ, నౌకని అటూ ఇటూ తిప్పి, అంకెలు మళ్ళీ ఎక్కించాడు. అరగంట లోపే గాడిలో పెట్టాడు. మొనగాడే, కాదనను.

ఆ తర్వాత హామిల్టన్ అడిగిన అడ్డుకట్టకి అనుమతి దొరికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మీ ఇంటి ఆచారం కదా.

పదహారు నెలలకి అపోలో 13లో కరెంటు పొదుపు కోసం నౌక దిక్కు చెప్పే వ్యవస్థనే ఆపేసినప్పుడు, ఇదే లోవెల్ మళ్ళీ చేత్తో దిక్కులు సరిచేసుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఒకసారి చేసిన పనే కాబట్టి చెయ్యి తిరిగి ఉంటుంది. దాన్ని కూడా "చూశారా, మావాళ్ళు!" అని మీ ఖాతాలోనే రాసుకుని ఉంటారు.

ఇట్లు,
ప్రస్తుతం మీరు పనిచేస్తున్న ఆఫీసులోనే ఒక చిరుద్యోగి